కిట్ గిటార్‌లో తీగల ఎత్తు: బ్రిడ్జి దగ్గర మొదలుపెట్టకండి

విడిభాగాలుగా వచ్చిన ఎలక్ట్రిక్ గిటార్ కిట్‌ను ఇంట్లో బిగించుకునేవారు ముందుగా సోల్డరింగుకు, రంగుకు భయపడతారు గాని, అసలు చిక్కు తీగలెక్కించిన తర్వాత మొదలవుతుంది. తీగలు ఫింగర్‌బోర్డుకు, అంటే వేళ్లతో నొక్కే పొడవాటి పలకకు, చాలా ఎత్తులో నిలిచి వేళ్ల కొసలను కోసేస్తుంటాయి, లేదా మరీ కిందికి ఉండి దాని మీది లోహపు పట్టీలకు, అంటే మెట్లకు, తగులుతూ జర్రుమంటాయి. అప్పుడు అందరి చెయ్యీ తీగల కింది చివరలు ఆనే బ్రిడ్జి మీదున్న చిన్న స్క్రూల మీదికే పోతుంది. నల్లగొండలో మా మేడ మీది గదిలో నా మొదటి కిట్‌ను బిగించినప్పుడు నేనూ మూడు సాయంత్రాలు ఆ స్క్రూలతోనే గడిపాను. తీగలను దించితే పదిహేనో మెట్టుకు పైన చప్పుడు వచ్చేది. చప్పుడు పోయేదాకా పెంచితే ఏడో మెట్టు దగ్గర నొక్కడం కష్టమయ్యేది. నాలుగో రోజున కొలిచి చూస్తే బ్రిడ్జిలో ఏ లోపమూ లేదని, నెక్, అంటే ఫింగర్‌బోర్డును మోసే పొడవాటి మెడ కర్ర, ముందుకు వంగి ఉందని తెలిసింది.

తీగల ఎత్తు మూడు చోట్ల తేలుతుంది: నెక్ వంపు, గిటార్ తల దగ్గర తీగలు ఆనే నట్ అనే పట్టీలోని గాడి లోతు, బ్రిడ్జి మీద తీగను మోసే సాడిల్ ఎత్తు. వీటిని ఈ వరుసలోనే సరిచేయాలి, ఎందుకంటే నెక్ కదిలితే మిగిలిన రెండు కొలతలూ మారిపోతాయి, సాడిల్ కదిలితే మాత్రం నెక్ మారదు. కంపెనీ గిటార్‌కు ఈ మూడూ ఫ్యాక్టరీలో ఒకసారి చూసి పంపుతారు. కిట్‌కు చూసేవారు ఎవరూ ఉండరు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

ఫ్రెట్ అనే మాటకు ఇక్కడ మెట్టు అని రాస్తున్నాను. వీణకు మెట్లే అంటాం, పాలమూరు కిన్నెరకు పన్నెండు మెట్లు అంటాం. ఆ పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది కూడా. మన దగ్గర ఉన్న మాటను వదులుకోవలసిన పని లేదు.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. అర మిల్లీమీటరు గీతలున్న ఆరు అంగుళాల స్టీలు స్కేలు ఒకటి కావాలి. కొన్ని స్కేళ్లలో సున్నా గీతకు ముందు కొంత ఖాళీ లోహం ఉంటుంది, అలాంటిది ఈ పనికి పనికిరాదు, సున్నా సరిగ్గా అంచు నుండే మొదలు కావాలి. సాడిల్ స్క్రూలకు సాధారణంగా 1.5 మి.మీ. ఎలన్ కీ, నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే కడ్డీకి 4 లేదా 5 మి.మీ. ఎలన్ కీ సరిపోతాయి. కిట్‌తో పాటు వచ్చినవి మెత్తటి ఇనుముతో చేసినవైతే అంచులు అరిగి స్క్రూ తలను పాడుచేస్తాయి గనుక మంచివి కొనుక్కోవడం మేలు. ఒక కాపో (తీగలన్నిటినీ ఒకే మెట్టు దగ్గర నొక్కి పట్టే బిగింపు), ఫోనులో ట్యూనర్ యాప్ ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది బైక్ మెకానిక్కులు ట్యాపెట్ గ్యాప్ చూడడానికి వాడే, వేర్వేరు మందాల పలుచటి బ్లేడులుండే ఫిల్లర్ గేజి. క్లాక్ టవర్ వైపున్న ఒక మెకానిక్‌ను మొదటిసారి అది అడిగినప్పుడు, “గిటార్‌కు ట్యాపెట్ ఏందన్నా?” అని నవ్వాడు గాని, పని చెప్పాక తన గేజిలోని 0.25 బ్లేడును నూనె తుడిచి మరీ ఇచ్చాడు.

కొలతలు తీసుకునే ముందు కొత్త తీగలు ఎక్కించి, సరైన శ్రుతికి తెచ్చి, ఒక రాత్రి అలాగే వదిలేయండి. తీగల లాగుడు చిన్నది కాదు. 25.5 అంగుళాల స్కేలు (నట్ నుండి బ్రిడ్జి వరకు తీగ పొడవు) ఉన్న గిటార్‌ మీద 9–42 సెట్టు (అన్నిటికంటే సన్నటి, లావు తీగల మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మొత్తం సుమారు 38 కిలోల బలంతో, 10–46 సెట్టు సుమారు 47 కిలోల బలంతో నెక్‌ను ముందుకు లాగుతాయి. రెండోది ఒక యూరియా బస్తా బరువు కంటే కాస్త ఎక్కువే. తీగలు వదులుగా ఉన్నప్పుడు తీసుకున్న కొలతకు అందుకే అర్థం ఉండదు. సెట్టు మార్చినా, శ్రుతిని శాశ్వతంగా ఒక మెట్టు దించినా, ఈ పనంతా మళ్లీ మొదటి నుండి చూసుకోవాలి. సర్దుబాటు చేసిన ప్రతిసారీ శ్రుతి కూడా మారుతుంది కాబట్టి, మళ్లీ శ్రుతి చేసిన తర్వాతే కొలవాలన్నది ఈ వ్యాసమంతటికీ వర్తించే నియమం.

నెక్ నిటారుగా గీసిన గీతలా ఉండకూడదు. మోగే తీగ మధ్యలో ఎక్కువ వెడల్పుగా ఊగుతుంది కనుక, ఆ ఊపుకు చోటిచ్చేలా నెక్ మధ్యభాగంలో వెంట్రుకంత లోతు ఉండాలి. దాన్ని కొలవడానికి తీగనే కొలబద్దగా వాడుకుంటాం. గిటార్‌ను వాయించే తీరులోనే పట్టుకోండి. బల్ల మీద పడుకోబెడితే నెక్ తన బరువుకు, కింద పెట్టిన ఆనుకు కొంత కదులుతుంది. మొదటి మెట్టు మీద కాపో బిగించి, నెక్ బాడీతో కలిసే చోటున్న మెట్టు దగ్గర అన్నిటికంటే లావైన ఆరో తీగను వేలితో నొక్కితే, ఆ రెండు మెట్ల మధ్య తీగ సూటిగా నిలుస్తుంది. ఎనిమిదో మెట్టు పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య ఉన్న సందులోకి గేజి బ్లేడును పక్క నుండి మెల్లగా జొనపండి. బ్లేడు తీగను పైకి నెట్టకుండా, అలాగని వదులుగా ఆడకుండా, రెండింటినీ రాసుకుంటూ పోతే ఆ బ్లేడు మందమే మీ నెక్ వంపు. ఫింగర్‌బోర్డు రేడియస్ (దాని అడ్డపు వంపు వ్యాసార్ధం) 9.5 నుండి 12 అంగుళాల మధ్య ఉంటే 0.25 మి.మీ., 7.25 అంగుళాలైతే 0.3 మి.మీ. అని గిటార్లు చేసే ఫెండర్ కంపెనీ సూచిస్తుంది. కిట్‌లకు కూడా ఆ అంకెలతోనే మొదలుపెట్టవచ్చు.

నా కిట్‌లో ఆ సందులోకి 0.60 బ్లేడు కూడా సులువుగా దూరింది. వంపు ఇలా ఎక్కువగా ఉన్నప్పుడు ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే దిశలో బిగించాలి, తక్కువగా ఉన్నా, వెనక్కి వంగినా ఎదురు దిశలో వదులు చేయాలి. దిశను ఎప్పుడూ కీ పెట్టే వైపు నుండి చూసుకోవాలి. ఒకసారికి పావు చుట్టు మించవద్దు. బిగించే ముందు తీగలను కాస్త వదులు చేసుకుంటే రాడ్ మీద భారం తగ్గుతుంది. తిప్పిన తర్వాత శ్రుతి చేసి, పది నిమిషాలు ఆగి కొలవండి, కర్ర నెమ్మదిగా సర్దుకుంటుంది. రాడ్ మొండికేస్తే బలం వాడకండి. కిట్‌లో అన్నిటికంటే తేలికగా పాడయ్యేదీ, బాగుచేయడానికి అన్నిటికంటే కష్టమయ్యేదీ ఈ రాడ్డే. నాకు మొత్తం మీద మూడు పావు చుట్లు పట్టాయి, అవి కూడా రెండు రోజుల మీద.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట మన వైపు అతిశయోక్తిగా అనిపించదు. ఆ ఎండకు నెక్ కర్ర ఎండి కుంచించుకుపోతుంది, లోహపు మెట్లు కుంచించుకోవు. అందుకే మే నెలలో నెక్ అంచు వెంట చేయి జరిపితే మెట్ల కొసలు రంపపు పళ్లలా గుచ్చుకుంటాయి. అదే గదిలో మధ్యాహ్నమంతా నీళ్ల కూలర్ నడిస్తే గాలిలో తేమ పెరిగి కర్ర మళ్లీ ఉబ్బుతుంది. అలాంటప్పుడు ఏ నెక్ ఎటు వంగుతుందన్నది దాని కర్రను, దాని మీద అతికించిన ఫింగర్‌బోర్డు కర్రను బట్టి ఉంటుంది కనుక, ఊహించి రాడ్ తిప్పకుండా కొలిచి తిప్పండి. కూలర్ గాలి సూటిగా తగిలే చోట గిటార్‌ను గోడకు వేలాడదీయకండి. రేకుల గదిలో అసలే వద్దు.

నెక్ కుదిరాక మెట్లను ఒకసారి పరీక్షించాలి, ఎందుకంటే కిట్ నెక్‌లలో ఒకటి రెండు మెట్లు పూర్తిగా దిగకుండా ఉండడం మామూలే. పాత ఏటీఎం కార్డును ముక్కలుగా కత్తిరించి, కత్తెర పడని అసలు అంచును మూడు మెట్ల మీద మాత్రమే ఆనేలా నిలబెట్టి అటూ ఇటూ ఊపండి. టకటకమని ఊగితే మధ్య మెట్టు ఎత్తుగా ఉన్నట్టు. మెట్టు కొస పైకి లేచి ఉంటే ప్లాస్టిక్ తల ఉన్న సుత్తితో మెల్లగా తట్టి దించవచ్చు. పూర్తిగా దిగిన మెట్టే ఎత్తుగా ఉంటే మాత్రం దాన్ని అరగదీసి, తల గుండ్రం చేయాలి. అది వేరే పని, దానికి వేరే ఓపిక కావాలి. ఎంత సర్దినా ఒకే ఒక్క చోట జర్రుమనే చప్పుడు మిగిలిపోతే, ఆ చోటికి బ్రిడ్జి వైపున్న మెట్టునే అనుమానించండి.

ఇక నట్. కిట్‌లలో నట్ గాళ్లు దాదాపు ఎప్పుడూ లోతు చాలకుండానే ఉంటాయి. తయారుచేసేవారి వైపు నుండి చూస్తే అది తెలివైన పనే, కర్రనైనా ప్లాస్టిక్‌నైనా తీసివేయడం సులభం, తిరిగి పెట్టడం కష్టం. కాని గాడి ఎత్తుగా ఉంటే మొదటి మూడు మెట్ల మీద వేళ్లు నొప్పిపుట్టడమే కాదు, తీగ నొక్కినప్పుడు సాగి స్వరం కూడా కాస్త హెచ్చుతుంది; శ్రుతి చేసిన గిటార్‌లోనే ఇ మేజర్ తీగల కలయిక అపశ్రుతిగా వినిపించడానికి తరచుగా కారణం ఇదే. పరీక్ష చాలా తేలిక. ఒక్కో తీగనూ రెండు, మూడు మెట్ల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి మెట్టు మీద ఆ తీగను మరో వేలితో తట్టండి. తీగ కొద్దిగా దిగి, మెట్టును తాకి, ‘టిక్’మని సన్నగా వినిపిస్తే గాడి సరిగా ఉన్నట్టు, కంటికి సందు స్పష్టంగా కనిపిస్తే ఎత్తు ఎక్కువ, అసలు కదలిక లేకుండా తీగ మెట్టు మీదే కూర్చుంటే లోతు ఎక్కువ. నొక్కకుండా వదిలేసిన తీగ మొదటి మెట్టు మీద సుమారు అర మిల్లీమీటరు ఎత్తులో ఉండాలి.

గాడి లోతు చేయడానికి ప్రత్యేకమైన ఆకురాళ్లు ఉన్నాయి గాని, ఒక్క గిటార్ కోసం వాటిని కొనడం దండగ. గ్యాస్ వెల్డింగ్ సామాను దొరికే దుకాణాల్లో నాజిల్ క్లీనర్ అని, రకరకాల మందాల్లో గరుకు పుల్లలున్న చిన్న సెట్టు దొరుకుతుంది. తీగ మందం కంటే వెంట్రుకంత లావున్న పుల్లను ఎంచుకుంటే పని చక్కగా జరుగుతుంది. తీగను వదులు చేసి పక్కకు జరిపి, పుల్లను తల వైపు కొద్దిగా వాలుగా పట్టుకుని రాయాలి, ఎందుకంటే గాడిలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఫింగర్‌బోర్డు వైపు అంచే కావాలి. వాలు తప్పితే తీగ గాడి మధ్యలో ఎక్కడో ఆని సితార్‌లా ఝుమ్మంటుంది. నాలుగుసార్లు రాయండి, తీగను తిరిగి పెట్టి శ్రుతి చేయండి, టిక్ పరీక్ష చేయండి, మళ్లీ నాలుగుసార్లు. విసుగు పుట్టించే పనే, కాని వేరే దారి లేదు.

ఆ విసుగుతోనే మూడో తీగ గాడిని ఒకసారి పది పన్నెండుసార్లు ఆపకుండా రాసేసి, తీగ మొదటి మెట్టుకు తగిలేంత లోతు చేశాను. నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే చప్పుడు వచ్చి, ఏ మెట్టు నొక్కినా పోతుందంటే తప్పు నట్‌లోనే ఉందని అర్థం. దాన్ని పూడ్చడానికి గాడిలో చిటికెడు వంటసోడా నింపి, దాని మీద ఫెవిక్విక్ ఒక చుక్క వేశాను. క్షణంలో గట్టిపడి రాయిలా అయింది, అప్పుడు మళ్లీ నిదానంగా రాసుకున్నాను. ఆ చుక్క పడినప్పుడు వేడి, ఘాటైన పొగ వస్తాయి, కిటికీ తెరిచి మొహం దూరంగా ఉంచుకోండి. చుట్టూ ఫింగర్‌బోర్డు మీద టేపు అంటించడం మరవకండి, నేను మరిచాను, ఆ మరక ఇప్పటికీ ఉంది.

ఇన్ని అయ్యాకే సాడిల్ దగ్గరికి రావాలి. బ్రిడ్జి ట్రెమొలో రకమైతే (చేతికర్రతో కదిపి స్వరాన్ని ఊపేది), అది స్ప్రింగుల లాగుడుకూ తీగల లాగుడుకూ మధ్య ఊగుతుంటుంది కనుక దాని వాలు మారినప్పుడల్లా తీగల ఎత్తూ మారుతుంది. మొదటి కిట్‌కు వెనుక స్ప్రింగులు పట్టి ఉంచే కొక్కెం స్క్రూలను బిగించి, బ్రిడ్జి బాడీ మీద బల్లపరుపుగా ఆనేలా చేసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుందని నా అభిప్రాయం.

కొలత పన్నెండో మెట్టు దగ్గర, ఏ తీగనూ నొక్కకుండా తీసుకోండి. కాపో తీసేసి, స్కేలును మెట్టు మీద నిలబెట్టి, కన్ను తీగ మట్టానికి తెచ్చి, మెట్టు తల నుండి తీగ అడుగు వరకు చూడాలి. పై నుండి వంగి చూస్తే అర మిల్లీమీటరు తేడా వచ్చేస్తుంది. కొత్త కిట్‌కు ఆరో తీగ 2.0 మి.మీ., ఒకటో తీగ 1.5 మి.మీ. మంచి మొదటి గమ్యాలు, మధ్య తీగలు ఆ రెండింటి మధ్య క్రమంగా దిగుతూ రావాలి. పదిహేడో మెట్టు దగ్గర అన్ని తీగలకూ సుమారు 1.6 మి.మీ. అని ఫెండర్ ఇచ్చే కొలత 9.5 నుండి 12 అంగుళాల రేడియస్ నెక్‌లకు సంబంధించినది. మెట్లు బాగా సమంగా ఉన్న గిటార్ మీదే అది హాయిగా నిలుస్తుంది.

ఎన్ని చుట్లు తిప్పాలో లెక్క వేసుకోవచ్చు. పన్నెండో మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కనుక సాడిల్ ఒక మిల్లీమీటరు దిగితే అక్కడ తీగ అర మిల్లీమీటరే దిగుతుంది. కిట్‌ల సాడిల్ స్క్రూలు చాలావరకు మూడు మిల్లీమీటర్లవి, అవి ఒక చుట్టుకు అర మిల్లీమీటరు కదులుతాయి. అంటే ఒక పూర్తి చుట్టుకు పన్నెండో మెట్టు దగ్గర వచ్చే మార్పు పావు మిల్లీమీటరు. నా ఆరో తీగ 2.6 ఉండేది, 2.0కి రావాలి, 0.6 తగ్గాలి, కాబట్టి రెండు స్క్రూలనూ దాదాపు రెండున్నర చుట్లు వెనక్కి తిప్పాను, కొలిస్తే సరిగ్గా గీత మీద నిలిచింది. ఒక సాడిల్‌కున్న రెండు స్క్రూలనూ సమానంగా తిప్పకపోతే అది ఒక పక్కకు ఒరిగి, తీగ జారిపోతుంది. లెస్ పాల్ అనే గిటార్ నమూనా కిట్‌లలో సాడిళ్లు విడివిడిగా లేవవు, దిగవు. రెండు చివరలున్న గుండ్రటి చక్రాలతో బ్రిడ్జి మొత్తాన్ని కదపాలి, ఆ వరకు పని తక్కువ.

ఆరు సాడిళ్లూ కలిసి ఫింగర్‌బోర్డు వంపునే అనుసరించాలి. దీనికి గేజి కొననవసరం లేదు: పాత శుభలేఖ అట్ట మీద, ఒక కొస మేకుకు కట్టిన దారంతో, 12 అంగుళాల రేడియస్‌కు 305 మి.మీ., 9.5కి 241 మి.మీ. దూరంలో పెన్సిల్‌తో చాపం గీసి, ఉబ్బెత్తు వైపు మిగిలేలా కత్తిరించి, తీగల కింద బ్రిడ్జి పక్కన ఆనించి చూస్తే ఏ తీగ లేచిందో, ఏది దిగిందో తెలిసిపోతుంది. మా ఇంట్లో శుభలేఖలకు కొదవ లేదు.

సాడిల్ అడుగంటా దిగిపోయినా తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే, తప్పు నెక్ కూర్చునే గుంతలో ఉంటుంది. బోల్టులతో బిగించే నెక్ అయితే దానికి మందు తేలిక. తీగలు వదులు చేసి, నెక్ విప్పి, గుంతలో బ్రిడ్జి వైపు అంచున సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నటి పట్టీ పెట్టి తిరిగి బిగించాలి. నెక్ తల కొద్దిగా వెనక్కి వాలుతుంది. 0.25 మి.మీ. పట్టీకి బ్రిడ్జి దగ్గర సుమారు 0.8 మి.మీ. వెసులుబాటు దొరుకుతుంది, కనుక శుభలేఖ అట్ట లాంటిది ఒక్క పొర చాలు. నెక్ జిగురుతో అతికించిన కిట్‌కు ఈ దారి లేదు, అందుకే జిగురు పూయకముందే, నెక్‌ను ఉత్తగా కూర్చోబెట్టి పొడవాటి స్కేలును మెట్ల మీద బ్రిడ్జి వరకు ఆనించి చూసుకోవాలి.

ఎత్తు కుదిరాక ప్రతి తీగనూ ప్రతి మెట్టు దగ్గర మీటి వినండి, పన్నెండో మెట్టుకు పైన ఒకటి, రెండు తీగలను లాగి కూడా చూడండి. వంపు ఎక్కువున్న ఫింగర్‌బోర్డు మీద తీగను పక్కకు లాగినప్పుడు అది ఎదుటి మెట్టుకు తగిలి నాదం చటుక్కున ఆగిపోవచ్చు, అలాగైతే ఆ తీగ సాడిల్‌ను పావు చుట్టు పెంచండి. గట్టిగా మీటితే వచ్చే కొద్దిపాటి చప్పుడు యాంప్‌లో వినపడకపోతే దాన్ని వదిలేయండి. సున్నా చప్పుడు కోసం వెంటపడితే తీగలు మళ్లీ మొదటి ఎత్తుకే చేరతాయి.

తీగల ఎత్తు మారితే స్వరస్థానాలూ మారతాయి. వీణకు మెట్లను మైనంలో కుదురుస్తారు కాబట్టి అక్కడ మెట్టునే జరుపుకోవచ్చు. గిటార్ మెట్లు కర్రలోకి దిగగొట్టినవి, జరిగేది సాడిల్ మాత్రమే. పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకనట్టు ఆనించి మీటిన స్వరాన్నీ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది హెచ్చుగా ఉంటే సాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే నెక్ వైపు జరపాలి. చివరగా తీగల ఊపును విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు: తీగలు దిగాయి కనుక అవి అయస్కాంతాలకు దగ్గరైపోయి ఉంటాయి, బాగా దగ్గరైతే అయస్కాంతం లాగుడుకు లావు తీగల నాదం వణుకుతున్నట్టు వినిపిస్తుంది. చివరి మెట్టు నొక్కి పట్టుకుని, సింగిల్ కాయిల్ పికప్‌కు ఆరో తీగ వైపు 2.0 మి.మీ., ఒకటో తీగ వైపు 1.6 మి.మీ. దూరం ఉండేలా దించండి.

కొలతలన్నిటినీ తేదీతో సహా ఒక కాగితం మీద రాసి గిటార్ సంచిలో పెట్టుకోండి. వానలు పడి గది చల్లబడ్డాక, మళ్లీ సంక్రాంతి చలికి, ఎనిమిదో మెట్టు దగ్గర ఫిల్లర్ గేజి పెట్టి ఆ కాగితంతో సరిచూడండి. నా కాగితంలో మే నెలలో 0.25 ఉన్నది ఆగస్టుకు 0.35 అయింది, ట్రస్ రాడ్‌ను పావు చుట్టు కంటే తక్కువే బిగించాను, సాడిళ్ల జోలికి పోలేదు.